క్యాంప్ దాకా పిలుస్తున్నారు, జట్టులోకి తీసుకోవడం లేదు

ప్రశ్న: 17 ఏళ్ల అమ్మాయిని. చిన్నప్పటి నుంచి హాకీ ఆడుతున్నాను, మిడ్‌ఫీల్డర్‌ని. జూనియర్ జాతీయ క్యాంప్‌కి రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ ఆఖరి జాబితాలో నా పేరు లేదు. "బంతి మీద పట్టు బాగుంది, కానీ ఇంకా పూర్తి ప్లేయర్‌వి కాలేదు" అన్నారు. పూర్తి ప్లేయర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో లాగి గోల్ మీదికి విసిరే షాట్) వస్తే చోటు ఖాయమని స్నేహితులంటే మూడు నెలలుగా రోజూ అదే చేస్తున్నాను. ఈ మధ్య నడుం ఒకవైపు నొప్పిగా ఉంటోంది. చదువు ఒక ఏడాది ఆపేసి పూర్తిగా ఆట మీదే ఉండాలా? అంతర్జాతీయ స్థాయికి వెళ్తే ఎన్నేళ్లు ఆడగలను, ఆ జీవితం ఎలా ఉంటుంది?

సమాధానం: ముందు నడుం సంగతి. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు కానీ, రాసినవాటిలో తొందరగా తేల్చాల్సింది అదే. ఈ రోజు నుంచే ఫ్లిక్‌లు ఆపెయ్యి. ఒంటికాలి మీద నిలబడి మెల్లగా వెనక్కి వంగి చూడు, తర్వాత రెండో కాలి మీద కూడా చూడు. వంగినప్పుడు ఆ ఒకవైపే పొడిచినట్టు నొప్పి వచ్చినా, రెండు వారాలు దాటి నొప్పి అలాగే ఉన్నా, కండరం పట్టేసిందిలే అని ఊరుకోవడానికి వీల్లేదు. నీ వయసులో వెన్నుపూస వెనక భాగంలో ఉండే సన్నటి ఎముక మీద ఒత్తిడి పదేపదే పడితే అక్కడ పగులు రావచ్చు. క్రికెట్‌లో కుర్ర ఫాస్ట్ బౌలర్లను నెలల తరబడి కూర్చోబెట్టేది ఇదే. మొదట్లో మామూలు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు, ఎంఆర్‌ఐలో దొరుకుతుంది. అందుకని క్రీడాకారులను చూసే డాక్టర్ దగ్గరికే వెళ్లు. "వెనక్కి వంగితే నొప్పి, నడుం తిప్పితే నొప్పి, రోజుకు ఇన్ని ఫ్లిక్‌లు కొడుతున్నాను" అని అంకెలతో చెప్పు. తొలి దశలో పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో మానిపోతుంది. నొప్పి మాత్ర వేసుకుని ట్రయల్స్ ఆడావంటే ఆ ఎముక అతుక్కోకుండానే ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఇక జాబితా సంగతి. ఎంపిక చేసేవాళ్లు క్యాంప్‌లో ఉన్నవాళ్లను ప్రతిభ వరుసలో పేర్చి పైనుంచి పదహారు పేర్లు కోసుకోరు. వాళ్ల ముందు ఉండేది పనుల పట్టిక. ఒలింపిక్స్‌కు వెళ్లే ప్రధాన జట్టులో 16 మంది, మిగతా పెద్ద టోర్నీల్లో మామూలుగా 18 మంది. గోల్‌కీపర్లను తీసేసి, వెనక లైన్‌కు, ముందు లైన్‌కు పంచాక మిడ్‌ఫీల్డ్‌కు మిగిలేవి ఐదారు చోట్లు. అందులో మూడు నాలుగు ఇప్పటికే ఒకరి పేరు మీద ఉంటాయి. మిగిలిన ఆ ఒకటి రెండు చోట్లకు నీలాగే బంతి మీద పట్టు ఉన్న ఆరేడుగురు పోటీ పడుతున్నారు. వాళ్లలోంచి ఒకరిని తీసుకునేటప్పుడు కోచ్ అడిగేది "ఎదుటివాళ్లను తప్పించి ఎవరు బాగా డాడ్జ్ చేస్తారు" అని కాదు. "పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు ఈ అమ్మాయి ఏం చేస్తుంది?" అని. పెనాల్టీ కార్నర్ అంటే, గోల్ ముందుండే అర్ధవృత్తంలో (డి) ఎదుటి జట్టు ఫౌల్ చేస్తే దొరికే గోల్ అవకాశం: గోల్ ఉన్న చివరి గీత (బ్యాక్‌లైన్) నుంచి ఒకరు బంతిని బయటికి తోస్తారు, ఒకరు ఆపుతారు, ఒకరు గోల్ మీదికి కొడతారు. నీ పేరు పక్కన ఆ గడి ఖాళీగా ఉందా? ఉంటే "పూర్తి ప్లేయర్‌వి కాలేదు" అన్న మాటకు సగం అర్థం అక్కడే ఉంది.

కార్నర్‌కు అంత విలువ ఎందుకంటే, నిబంధన ఒకటుంది. హాకీలో మ్యాచ్ నడుస్తుండగా ఎన్నిసార్లయినా, ఎవరినైనా మార్చుకోవచ్చు. ఒక్క పెనాల్టీ కార్నర్ విషయంలోనే అది కుదరదు: అంపైర్ కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది ముగిసేదాకా మార్పులు లేవు. డిఫెండింగ్ జట్టు గోల్‌కీపర్ గాయపడటం, సస్పెండ్ కావడం మాత్రమే మినహాయింపు. కాబట్టి కార్నర్ పడే సమయానికి మైదానంలో ఎవరున్నారో ఆ పని వాళ్లే చేయాలి. పెద్ద ఫ్లికర్ బెంచి మీద ఊపిరి తీసుకుంటూ ఉంటే ఆమెను లోపలికి పిలిచే వీలు లేదు. అందుకే కోచ్ ప్రతి పనికీ కనీసం ఇద్దరిని, ముఖ్యమైన పనులకు ముగ్గురిని చూసుకుంటాడు. అదీ మిడ్‌ఫీల్డ్‌లో ఎక్కువసేపు మైదానంలో ఉండేవాళ్లలో ఉంటే ఇంకా మంచిది. నీకు దారి తెరుచుకునేది ఇక్కడే.

నీ స్నేహితుల మాటలో తప్పు కూడా ఇక్కడే ఉంది. డ్రాగ్ ఫ్లిక్ క్యూ చాలా పొడవు. ప్రతి క్యాంప్‌లో పది మంది ఫ్లిక్ కొడుతూ కనిపిస్తారు. బంతిని లోపలి నుంచి తోసే ఇంజెక్టర్ పని, ఎదురు పరిగెత్తే ఫస్ట్ రషర్ పని నిజంగా నేర్చుకునేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. బంతి మీద పట్టు ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి ఇంజెక్షన్ తొందరగా వస్తుంది, పైగా దానివల్ల నడుం మీద పడే భారం ఫ్లిక్‌తో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి మా సలహా ఇది: వచ్చే క్యాంప్ లోపు ఇంజెక్షన్ నీ మొదటి పని కావాలి, డిఫెన్స్ కార్నర్‌లో (ఎదుటి జట్టుకు వచ్చిన కార్నర్‌ను ఆపేటప్పుడు) ఒక చోటు రెండో పని, షూటౌట్ (మ్యాచ్ సమమైతే ఒక్కొక్కరుగా కీపర్‌ను ఎదుర్కోవడం) మూడోది. డ్రాగ్ ఫ్లిక్ వీటన్నింటి తర్వాత.

ఇంజెక్షన్ చూడ్డానికి చిన్న పనిలా ఉంటుంది. గోల్‌పోస్ట్‌కు కనీసం 10 మీటర్ల దూరంలో, బ్యాక్‌లైన్ మీద, డి లోపల బంతి పెట్టాలి. నీ పాదాల్లో ఒకటైనా మైదానం బయట ఉండాలి. కావాలని బంతిని లేపకూడదు. అక్కడి నుంచి డి తల దగ్గర, గీత బయట కాచుకున్న స్టాపర్ దాకా దాదాపు 18 మీటర్లు. బంతి డి దాటి బయటికి వెళ్లాకే గోల్ మీదికి కొట్టాలి. నువ్వు తోసిన మరుక్షణం ఎదుటి జట్టు రషర్ గోల్ లైన్ వదిలి పరిగెత్తుతుంది. రెండు సెకన్లు తిరిగేలోపు ఆమె ఫ్లికర్ ముందు ఉంటుంది. నీ బంతి పావు సెకను ఆలస్యమైతే రషర్‌కు ఒకటిన్నర మీటర్ల నేల దానం చేసినట్టే. బంతి రెండుసార్లు ఎగిరిందా, స్టాపర్ స్టిక్ మీద నిలవదు, ఇక ఆ కార్నర్ మీద ఆశ వదులుకోవచ్చు.

తోసే తీరు ఇలా ఉండాలి. వెనక మోకాలు బాగా వంచి, కుడి చెయ్యి స్టిక్ మీద ఎంత కిందికి దిగగలిగితే అంత కిందికి దించు. బంతి స్టిక్ తలకు, కర్రకు మధ్య ఉండే మూలలో ఒదిగి ఉండాలి. కొట్టినట్టు తాకకూడదు, మొదటి నుంచీ అంటుకుని ఉండాలి. వెనక పాదం దగ్గర మొదలై ముందు పాదం దాటేదాకా స్టిక్ బంతిని వదలకూడదు. ఆ లాగుడు ఎంత పొడవుంటే వేగం అంత. ముందు పాదం వేళ్లు స్టాపర్ వైపు చూడాలి. అవి గోల్ వైపు తిరిగి ఉంటే తుంటి అడ్డుపడి బంతి లోపలికి కోసుకుపోతుంది. ఆఖర్లో స్టిక్ తల టర్ఫ్‌ను రాసుకుంటూనే స్టాపర్ వైపు చూపిస్తూ ఆగాలి. బంతి ఎగురుతోందంటే నూటికి తొంభైసార్లు కారణం ఇదే: వదిలే క్షణంలో ఛాతీ పైకి లేస్తుంది, దానితో మణికట్టు, దానితో స్టిక్ తల లేస్తాయి. ఫోన్‌ను నేల మీద, నీ పక్కన మూడు మీటర్ల దూరంలో పెట్టి నెమ్మది వీడియో తీసుకుంటే ఆ లేపడం నీకే కనిపిస్తుంది.

సాధన లెక్క కూడా పెట్టుకో. స్టాపర్ నిలబడే చోట రెండు కోన్‌లు స్టిక్ పొడవంత ఎడంగా పెట్టు. వారానికి మూడు రోజులు, రోజుకు 40 బంతులు, పదేసి చొప్పున నాలుగు విడతలు. పదిలో ఎనిమిది, ఎగరకుండా, కోన్‌ల మధ్య నుంచి వెళ్లేదాకా వేగం గురించి ఆలోచించొద్దు. అది కుదిరాక ఫోన్‌లో కాలం చూసుకో. తర్వాత కోన్‌ల ఎడం సగానికి తగ్గించు. ఆ తర్వాత అసలు పరీక్ష: ఆరు నిమిషాల గట్టి పరుగు చేసి, గుండె ఇంకా కొట్టుకుంటుండగానే వచ్చి మూడే బంతులు తోయి. మ్యాచ్‌లో కార్నర్ వచ్చేది అలాంటి స్థితిలోనే కాబట్టి నీ నిజమైన లెక్క ఆ మూడింటిదే. తోసేటట్టు చూపించి ఆగే దొంగ కదలిక మాత్రం అలవాటు చేసుకోవద్దు. అంపైర్ నిన్ను సెంటర్ లైన్ అవతలికి పంపేస్తాడు, అప్పుడు నీ పని ఇంకొకరు చేయాలి.

డిఫెన్స్ కార్నర్‌లో గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే బ్యాక్‌లైన్ వెనక ఉంటారు, మిగతావాళ్లంతా సెంటర్ లైన్ అవతల. ఫస్ట్ రషర్‌కు ధైర్యం ఒక్కటే చాలదు, పరిగెత్తే గీత తెలియాలి. గోల్‌లో ఒక వైపును నువ్వు స్టిక్‌తో మూస్తావు, రెండో వైపును కీపర్ తీసుకుంటుంది. ఏ వైపు ఎవరిదో ముందే మాట్లాడుకోకపోతే ఇద్దరూ ఒకే వైపు కాస్తారు, బంతి ఖాళీ వైపు వెళ్తుంది. స్టిక్ నేల మీదే ఉండాలి, ఆఖరి రెండడుగుల్లో వేగం కాస్త తగ్గించి మోకాళ్లు వంచాలి. పూర్తి వేగంతో దూసుకెళ్తే ఫ్లికర్ బంతిని పక్కకు జార్చి నిన్ను దాటేస్తుంది. నిబంధన కూడా తెలుసుకో: మొదటి షాట్ ఐదు మీటర్ల లోపల మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్, మామూలుగా నిలబడ్డ భంగిమలో మోకాలికి గానీ ఆ పైన గానీ తగిలితే షాట్ ప్రమాదకరం కింద లెక్క, ఫ్రీ హిట్ మీకు. అలాగని స్టిక్‌తో ఆడే ప్రయత్నం లేకుండా ఒంటిని అడ్డం పెట్టి దూకితే ఫౌల్ నీదే. మాస్క్, చేతికి గ్లోవ్, మోకాలికి, మోకాలి కింద ప్యాడ్‌లు లేకుండా సాధనలో కూడా ఈ పని చేయొద్దు. సాధన మొదటి నెల టెన్నిస్ బంతితోనే చెయ్యి. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాముల గట్టి బంతి, దంతాలకు, దవడకు అది రెండో అవకాశం ఇవ్వదు. 2012 లండన్ ఒలింపిక్స్ మొదటి మ్యాచ్‌లోనే స్టిక్ తగిలి బ్రిటన్ కెప్టెన్ కేట్ వాల్ష్ దవడ విరిగింది. ప్లేట్ వేయించుకుని అదే టోర్నీలో తిరిగొచ్చి ఆడింది, జట్టు కాంస్యం గెలిచింది. ఆమె తెగువ గొప్పదే, అయినా నువ్వు అందులోంచి తీసుకోవాల్సింది ఒక చిన్న అలవాటు: మౌత్‌గార్డ్ లేకుండా టర్ఫ్ మీద అడుగు పెట్టకపోవడం. దుకాణంలో దొరికే మరిగించి కొరికే రకం కన్నా దంతవైద్యులు నీ పళ్ల అచ్చుతో చేసేది మేలు. అది జారదు కాబట్టి మాట్లాడేందుకు తీసి సాక్స్‌లో పెట్టుకోవాల్సిన అవసరం రాదు.

షూటౌట్ మాట ఎందుకన్నామంటే, 2016 రియో, 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల ఫైనళ్లు రెండూ షూటౌట్‌లోనే తేలాయి. రియోలో 3-3 తర్వాత బ్రిటన్ 2-0తో నెదర్లాండ్స్‌ను ఓడించింది, పారిస్‌లో 1-1 తర్వాత నెదర్లాండ్స్ 3-1తో చైనా మీద గెలిచింది. ఐదుగురు కావాలి, 23 మీటర్ల గీత నుంచి ఎనిమిది సెకన్లు. పాపం చాలామంది ఇక్కడ తొందరపడతారు. బంతితో పరిగెత్తి కీపర్ దగ్గరికి చేరడానికి మూడు నాలుగు సెకన్లు చాలు, అంటే దాదాపు సగం సమయం కీపర్ ముందు నీ చేతిలో ఉంటుంది. కీపర్ కింద పడేదాకా ఓపిక పట్టినవాళ్లకే గోల్ ఖాళీ అవుతుంది. రెండే రెండు ఎత్తుగడలు ఎంచుకో: ఒకటి కుడికి లాగి నేరుగా కొట్టడం, ఇంకొకటి కుడికి చూపించి ఎడమకు తిప్పి రివర్స్‌తో (స్టిక్ తిరగేసి) కొట్టడం. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఎనిమిది ప్రయత్నాలు, పక్కన ఎవరో ఒకరు సెకన్లు బిగ్గరగా లెక్కపెడుతుండగా చెయ్యి. ఎదుటి కీపర్ల గురించి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. రియో షూటౌట్‌లో ఒక్క బంతినీ లోపలికి పోనివ్వని మ్యాడీ హించ్ నెదర్లాండ్స్ ప్లేయర్ల అలవాట్లు రాసుకున్న పుస్తకం చూసుకుంటూ నిలబడింది. కీపర్లు మన గురించి రాసుకుంటున్నప్పుడు మనం వాళ్ల గురించి రాసుకోకపోతే ఎలా?

డాక్టర్ సరే అన్నాక డ్రాగ్ ఫ్లిక్‌కి తిరిగి వెళ్లొచ్చు, కానీ రోజూ కాదు. కార్నర్‌లో మొదటి షాట్‌ను హిట్‌గా కొడితే బంతి గోల్ లైన్ దగ్గర 460 మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు, అంటే గోల్ లోపల ఉండే వెనక బోర్డు ఎత్తు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, అందుకే దానికంత గిరాకీ. ఆ వేగం వచ్చేది ముందు కాలు దూరంగా నాటి, నడుం వంచి, తిప్పి, పక్కకు వాల్చి, మూడూ ఒకేసారి చేయడంలోంచి. భారమంతా ముందు కాలి తుంటి మీద, నడుం కింది భాగం మీద పడుతుంది. మొదటి ఆరు వారాలు వారానికి రెండు రోజులు, రోజుకు 15 మించొద్దు, అందులో పూర్తి బలంతో ఐదే. ఎన్ని కొట్టావో రాసిపెట్టు. నొప్పి మళ్లీ వస్తే డాక్టర్ ముందుగా అడిగేది ఆ అంకెనే. అడుగుల వరుస నేర్చుకోవడానికి బంతి కూడా అక్కర్లేదు. ఫ్లిక్ కోసమని వంపు ఎక్కువగా, బాగా కిందికి ఉన్న స్టిక్ కొనేముందు ఆగు. వంపు 25 మిల్లీమీటర్ల దాకా నిబంధనకు లోబడే ఉంటుంది కానీ, అలాంటి స్టిక్‌తో గట్టిగా హిట్ చేస్తే బంతి తేలిగ్గా లేచిపోతుంది. మిడ్‌ఫీల్డర్‌వి, రోజంతా నువ్వు ఇచ్చేది పాస్‌లే కదా.

"పూర్తి ప్లేయర్" మాటకు రెండో సగం బంతి నీ దగ్గర లేనప్పటిది. ఒక్క దృశ్యం తీసుకుందాం. మీ సెంటర్ బ్యాక్ నీకు పాస్ ఇచ్చింది, బంతి నీ వైపు ఒకటిన్నర సెకన్లు ప్రయాణిస్తుంది. ఆ లోపు తల తిప్పి వెనక్కి చూశావా? చూడకపోతే నీ ముఖం మీ గోల్ వైపే ఉంటుంది, బంతి పాదాల మధ్యకు వస్తుంది, ఆపి, తల ఎత్తి, అప్పుడు వెతుకుతావు. ఎదుటి అమ్మాయి ఆ సరికి నీ వీపు మీద ఉంటుంది. వెంటనే డాడ్జ్ చేస్తావు, మూడింట రెండుసార్లు గెలుస్తావు, అందరూ బాగుందంటారు. మూడోసారి పోయిన బంతి ఎదురుదాడి అవుతుంది, కోచ్ కాగితంలో అదే మిగులుతుంది. అదే రెండుసార్లు ముందే చూసి, పక్కకు తిరిగి, బంతిని కుడి పాదం ముందు ఒక అడుగు దూరంలో కదులుతూ అందుకుంటే డాడ్జ్ అవసరమే రాదు, రెండో తాకులోనే పాస్ వెళ్లిపోతుంది. చప్పట్లు రావు కానీ జాబితాలో పేరు వస్తుంది.

ఇది నీకు నువ్వే కొలుచుకోవచ్చు. ఒక మ్యాచ్‌ను ఎత్తు నుంచి వీడియో తీయించుకో. కాగితం మీద నాలుగు గడులు గియ్యి: అందుకునేముందు చూశానా, కదులుతూ అందుకున్నానా, బంతి ముందుకు వెళ్లిందా, పోతే తర్వాతి ఐదు సెకన్లలో ఏం చేశాను. ప్రతి బంతికీ గీత పెట్టు. నాలుగో గడి దగ్గర నిజాయితీగా ఉండు. బంతి పోయాక స్టిక్ కిందికి కొట్టి నిలబడిపోయిన ప్రతిసారీ సున్నా వెయ్యి. కార్డులు కూడా అక్కడి నుంచే వస్తాయి. బంతి పోయిన కోపంలో వెనక నుంచి వేసే టాకిల్‌కి గ్రీన్ కార్డ్ వస్తే రెండు నిమిషాలు, ఎల్లో వస్తే కనీసం ఐదు నిమిషాలు జట్టు ఒకరు తక్కువతో ఆడాలి. క్వార్టర్ 15 నిమిషాలే.

శరీరం గురించి. ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్తే రెండు వారాల్లో ఎనిమిది మ్యాచ్‌లు. కాబట్టి ఒక మ్యాచ్‌లో ఎంత పరిగెత్తావన్నది కాకుండా, ఒక రోజు విశ్రాంతితో మళ్లీ అంతే పరిగెత్తగలవా అన్నది చూస్తారు. ఐదారు నిమిషాలు పూర్తి వేగం, రెండు మూడు నిమిషాలు బెంచి, మళ్లీ లోపలికి, సాధన కూడా ఇదే లయలో ఉండాలి. గంటసేపు నెమ్మదిగా పరిగెత్తడం దీనికి పనికిరాదు. మోకాలి లిగమెంట్ తెగడం అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఎక్కువ, అదీ తరచుగా ఎవరూ తాకకుండానే, ఆగి తిరిగేటప్పుడు. వారానికి మూడుసార్లు వార్మప్‌లో పదిహేను నిమిషాలు ఒంటికాలి గెంతులు, గెంతి మోకాలు లోపలికి కూలకుండా దిగడం, తొడ వెనక కండరానికి నార్డిక్ వ్యాయామం (మోకాళ్ల మీద నిలబడి మెల్లగా ముందుకు వాలడం) చేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఇంకో మాట, క్యాంపుల్లో సిగ్గుపడి ఎవరూ మాట్లాడనిది. సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్ పెరిగిన గుర్తు కాదు. చేసే పనికి సరిపడా తినడం లేదని శరీరం చెబుతోందని అర్థం. మూడు నెలలు రాకపోతే డాక్టర్‌ను కలవాలి. అలా వదిలేస్తే ఎముకలు బలహీనపడతాయి, నీ నడుం నొప్పి లాంటివి మానడం ఆలస్యమవుతుంది. అందుకే నడుం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఈ సంగతి కూడా వాళ్లు అడగకపోయినా నువ్వే చెప్పు. ఏడాదికి రెండుసార్లు రక్తంలో ఐరన్ నిల్వ పరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు, ఫెరిటిన్ కూడా చూడమని అడుగు. నిద్రపోయినా తీరని అలసట, నాలుగో క్వార్టర్‌లో కాళ్లు బరువెక్కడం చాలాసార్లు దాని వల్లే.

ఎన్నేళ్లు ఆడగలవన్నావు. జూనియర్ ప్రపంచకప్‌కు 21 ఏళ్ల హద్దు ఉంది, నీకు ఇంకా సమయం ఉంది. రాణీ రాంపాల్ 14 ఏళ్లకే భారత సీనియర్ జట్టులో ఆడింది. అది చాలా అరుదు, దానితో పోల్చుకుని వెనకబడ్డానని అనుకోవద్దు. ఇరవై దాటాక సీనియర్ జట్టులోకి రావడం మామూలు సంగతి. ఆ తర్వాత గాయాలు పెద్దగా లేకపోతే పదేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ. మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన అర్జెంటీనా తార లూసియానా అయ్‌మార్ ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఎనిమిదిసార్లు అందుకుంది. మొదటిది 2001లో, ఆఖరిది 2013లో, అప్పటికి ఆమెకు 36 ఏళ్లు. జర్మనీ ఫార్వర్డ్ నటాషా కెల్లర్ ఐదు ఒలింపిక్స్‌లో ఆడింది. వీళ్లు శిఖరాలు. అయినా ఒకటి మాత్రం అందరికీ వర్తిస్తుంది: ఈ ఆట నాలుగేళ్ల చక్రంలో తిరుగుతుంది. ఒలింపిక్స్ అవగానే పెద్దవాళ్లు కొందరు తప్పుకుంటారు, కోచ్‌లు మారతారు, తర్వాతి ఏడాది కొత్తవాళ్లను ఎక్కువగా పిలిచి చూస్తారు. తర్వాతి ఒలింపిక్స్ దగ్గరపడేకొద్దీ తలుపు మూసుకుంటుంది. అందుకే ఒలింపిక్స్ మరుసటి ఏడాది గాయంతో బయట ఉండకుండా చూసుకోవడం చాలా ముఖ్యం. చక్రం మధ్యలో జాబితాలో పేరు రాకపోతే అది నీ మీద తీర్పు కానేకాదు.

ఆ జీవితంలో మ్యాచ్ రోజులు తక్కువ, క్యాంప్ రోజులు ఎక్కువ. పొద్దున జిమ్ లేదా పరుగు, సాయంత్రం టర్ఫ్, మధ్యలో వీడియో మీటింగ్, ఫిజియో బల్ల. 2019లో దేశాల జట్లు ఆడే ప్రో లీగ్ మొదలయ్యాక ప్రయాణాలు పెరిగాయి. వారాల తరబడి ఇంటికి దూరం, ఒకే గదిలో అదే సహచరితో, చాలాసార్లు చోటు కోసం నీతోనే పోటీ పడుతున్న అమ్మాయితో. ఇది కష్టం, ఇష్టంగా చేసేవాళ్లకు కూడా.

చదువు ఆపొద్దు. ఇందులో మాకు రెండో ఆలోచన లేదు. నీ రోజులో కఠినమైన సాధన మూడు నాలుగు గంటలు మించితే శరీరం తట్టుకోదు. చదువు ఆపితే మిగిలే గంటల్లో నువ్వు చేసేది ఇంకో విడత డ్రాగ్ ఫ్లిక్‌లు, దాని ఫలితం ఇప్పటికే నీ నడుంలో ఉంది. ఆస్ట్రేలియా గోల్‌కీపర్ రేచల్ లించ్ నర్సుగా పనిచేస్తూనే 2019లో ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్ అయింది. ఒక ఏడాది పాఠాలను రెండేళ్లకు పరుచుకునే వీలున్న కోర్సు చూసుకో. చేరేటప్పుడే హాజరు, పరీక్ష వాయిదా గురించి రాతపూర్వకంగా అడుగు. క్యాంప్ పిలుపు వచ్చిన రోజే ఆ ఉత్తరం కాలేజీకి పంపాలి, తిరిగొచ్చాక కాదు.

రేపు ఏ జట్టో, క్లబ్బో ఒప్పందం ఇస్తే జీతం అంకె కన్నా ముందు మూడు సంగతులు చదువు: గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, కోలుకునే నెలల్లో డబ్బు వస్తుందా, జాతీయ జట్టు పిలిస్తే క్లబ్ వదులుతుందా. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ తర్వాత మైదానానికి తిరిగి రావడానికి తొమ్మిది నెలలు మామూలు, ఏడాదీ పట్టొచ్చు. ఆ తొమ్మిది నెలల గురించి కాగితంలో ఒక్క వాక్యం లేకపోతే, ఆ వాక్యం చేర్చేదాకా సంతకం పెట్టొద్దు.

వచ్చే క్యాంప్‌లో మొదటి రోజే కోచ్ దగ్గరికి వెళ్లు. "నేనెలా ఉన్నాను" అని అడిగితే మళ్లీ "బాగుంది, ఇంకా కావాలి" అనే జవాబే వస్తుంది. "ఇంజెక్షన్ నేర్చుకుని వచ్చాను, అలసటలో కూడా పదికి ఎనిమిది కోన్‌ల మధ్య పడుతున్నాయి. మీ పట్టికలో ఇంజెక్టర్‌గా ఇప్పుడు ఎందరున్నారు? రెండో పేరుగా చూస్తారా?" అని అడుగు. సాధన అయ్యాక స్టాపర్‌ను ఒక పావుగంట ఆగమని చెప్పి, ఆయన చూస్తుండగా పది బంతులు తోయి.